గోధుమరంగు ఉంగరం

ఏప్రిల్ 9, ఆదివారం

జంగారెడ్డి తన బావి గట్టు మీద నిలబడి, చేదలో నీళ్ళు దోసిట పట్టి, ఊరందరి ముందు మాట ఇచ్చాడు. ఈ బావి, చుట్టూ నాలుగు గుంటల జాగా ఊరికి రాసిస్తానని. గంగమ్మ సాక్షి అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. దోసిట్లో నీళ్ళు మాత్రం చప్పట్లు ఆగేలోపే వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

ఆ మాటకు ముప్పై ఏళ్ళు దాటింది. రాసివ్వలేదు. మూడేళ్ళ కింద పొలమంతా, బావితో సహా, గచ్చిబౌలిలో కంప్యూటర్ కంపెనీ ఉన్న ఒకాయనకు అమ్మేసి, చేవెళ్లలో రోడ్డు మీద రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. ఇక్కడ గోడ లేచింది. గోడ వెనక ప్లాస్టిక్ పందిళ్ళు. పందిళ్ళ కింద జెర్బెరా పూలు. పట్నంలో పెళ్ళి మండపాలకు పోతాయట. వాసన లేని పువ్వు.

ఇవాళ ఇదంతా గుర్తుకు రావడానికి కారణం పక్కింటి యాదమ్మ. కూతురు సుజాత కాన్పుకు వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. రేపటికి ఇరవై ఒకటో రోజు. బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి, ఒక బిందె నీళ్ళు చేదితేనే గాని ఇంట్లో కుండ ముట్టకూడదు.

"సారూ, మీరు జర ముందు నడిస్తే గేటు తీస్తరు. మేం పోతే కుక్కల్ని తోలినట్టు తోలుతరు."

వస్తానన్నాను. ఇలాంటివన్నీ మూఢనమ్మకాలని హైస్కూల్లో ముప్పై అయిదేళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి. నిజానికి నాకు పూజ కాదు, బావిని చూడాలని ఉంది.

ఏప్రిల్ 10, సోమవారం

గేటు తీశారు. అక్కడి సూపర్‌వైజర్ ప్రసాదు, గోదావరి జిల్లా మనిషి. మర్యాద బాగా తెలుసు. నమస్కారమండి మాస్టారు అంటూ కుర్చీ కూడా వేశాడు.

బావి లేదు. బావి ఉన్నచోట ఒక సిమెంటు పలక.

పూడ్చేశారా అని అడిగాను.

"పూడ్చేద్దామనే అనుకున్నామండి. మట్టి కూడా తెప్పించాం. మీ ఊళ్ళో ఒక్కడు పార పట్టుకోలేదండి. బావి పూడిస్తే వంశం నిలవదంట. జేసీబీ వాణ్ణి చిన్న మంగళారం నించి పిలిపిస్తే, వాడూ బావిని చూసి బండి దిగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడండి."

అందుకని మూత వేశారు. మూతకు ఒక కన్నం. కన్నంలోకి బూడిదరంగు గొట్టం. చెవి పెట్టి విన్నాను. లోపల ఎక్కడో లోతున నీళ్ళు పడుతున్న చప్పుడు. అవేం నీళ్ళని అడిగితే పందిళ్ళ కింద మొక్కలు తాగగా మిగిలినవట. బయటికి వదిలితే రోడ్డు బురద అవుతోందని ఊరివాళ్ళే గొడవ చేశారట.

యాదమ్మ పలక మీదే పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. తర్వాత అందరం గోడ బయటికి వచ్చాం. బావి చేజారిపోయాక పంచాయతీ వేసిన బోరింగు అక్కడే, బావికి ఇరవై అడుగుల దూరం ఉంటుందేమో. దాని పిడికి పసుపుతాడు కట్టి సుజాత ఒక బిందె కొట్టింది. పూజ అయింది. గంగమ్మ కూడా సర్దుకుపోవడం నేర్చుకున్నట్టుంది.

సంతోషించాను, ఎందుకు దాచాలి. నా పాఠాలు కాపాడలేని బావిని ఊరి పాపభయం కాపాడింది. మూత కిందనైనా బావి ఉంది.

ఏప్రిల్ 16, ఆదివారం

సుజాతకు పాలు చాలడం లేదు. దవాఖానలో డబ్బా పాలపొడి రాసిచ్చారు. ఎన్ని నీళ్ళకు ఎన్ని చెంచాలో డబ్బా మీద ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పడానికి నేనున్నానుగా.

నీళ్ళు కాచి చల్లార్చి కలపమన్నాను. యాదమ్మకు నా మాట అంటే వేదం. ఎంతసేపు కాచాలంది. ఎంత కాగితే అంత మంచిదన్నాను.

ఎంత సులభంగా వస్తుంది ఈ వాక్యం నా నోటికి. మూడు తరాలకు చెప్పాను.

ఏప్రిల్ 21, శుక్రవారం

పొద్దున్నుంచీ కార్లు. చిల్కూరు గుడికి దారెటు అని నా గేటు దగ్గరే ఆగి అడుగుతారు. వీసా కోసం ప్రదక్షిణలు. లోపల ఏసీ, చెవిలో సెల్‌ఫోను. ఇవాళ ఇద్దర్ని కావాలనే చేవెళ్ల వైపు పంపాను. పశ్చాత్తాపం లేదు.

ఒక విచిత్రం. పెరట్లో నీళ్ళు నింపే రాతి గోలెం సోమవారమే బూడిద వేసి తోమాను. రాయి తెల్లగా కనిపించేదాకా. ఈ రోజు చూస్తే లోపలంతా పచ్చటి పాచి. నాలుగు రోజుల్లో. మా ఆవిడ సరోజ ఉన్న రోజుల్లో ఇదే గోలెం నెల తోమకపోయినా ఇంత పట్టేది కాదు. అప్పుడు బావి నీళ్ళు. ఇప్పుడు బోరింగు నీళ్ళు.

ఎండ వల్లా? ఎండ అప్పుడూ ఉంది.

ఏప్రిల్ 27, గురువారం

యాదమ్మ పుంటికూర తెచ్చి ఇచ్చింది. ఆకు అరచేయంత. నలుపు తిరిగిన ఆకుపచ్చ. ఏమెరువు వేశావని అడిగాను.

"ఎరువెక్కడిది సారూ. బోరింగు కాడ పారిన నీళ్ళే. గా నీళ్ళల్ల ఏదో మహిమున్నది. గింజ ఏస్తే చాలు, ఉరికొస్తున్నది."

మహిమ. వండుకుని తిన్నాను. రుచిగానే ఉంది. తింటూ ఆలోచన. పాచికీ, పుంటికూరకూ ఒకే నీళ్ళు నచ్చుతున్నాయి. ఎరువు వేయని నేలలో ఎరువు ఎక్కడిది? పూలతోటలో పేర్చిన సంచుల మీద పెద్ద అక్షరాలు పూజ రోజే చదివాను. కాల్షియం నైట్రేట్. మొక్క తాగగా మిగిలింది గొట్టంలోంచి బావిలోకి. బావిలోంచి...

గండిపేట జలాశయం చుట్టూ ఫ్యాక్టరీలు పెట్టొద్దని ట్రిపుల్ వన్ జీవో ఉంది. పూలు పెంచొద్దని ఏ జీవోలోనూ లేదు.

రాత్రి భోజనం మానేసి పాత పుస్తకాలు తీశాను. చాలా రోజుల తర్వాత బుద్ధికి ఆకలి.

మే 3, బుధవారం

యాదమ్మ మనవరాలి పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. గోళ్ళు కూడా. ఏడవడం తగ్గింది. ఏడిస్తే రంగు ఇంకా ముదురుతోంది. దిష్టి అని ఎండుమిరపకాయలు తీసి పొయ్యిలో వేశారు. నేను పక్కనే ఉండి దగ్గాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

మే 4, గురువారం

చేవెళ్లలో డాక్టరు చూసి గుండెలో రంధ్రం ఉండొచ్చన్నాడట. పట్నం పెద్ద దవాఖానలో సోమవారం స్కానింగు. సుజాత అత్తగారు ఫోన్లోనే, మా వంశంలో ఎవరికీ గుండె జబ్బు లేదు, మీ దగ్గర్నుంచే వచ్చిందని అన్నదట. సుజాత గోడవైపు తిరిగి పడుకుంది. నన్ను చూసి లేవను కూడా లేదు.

మే 6, శనివారం

అంజయ్య వచ్చాడు. నా దగ్గర చదువుకుని, ఇప్పుడు నా కుర్చీలోనే సైన్సు టీచరు. బడికి సెలవులు. లాబ్ తాళం వాడి దగ్గరే. నేను అడిగినవి తెచ్చాడు. అన్నభేది, చిన్న సీసాలో గంధకామ్లం, నాలుగు పరీక్ష నాళికలు. అన్నభేది పెట్టె మీద నా చేతిరాతే ఉంది. అంటే నేను రిటైరయ్యాక ఎవరూ తెరవలేదన్నమాట. అదే మాట వాడితో అన్నాను.

"సిలబస్‌ల ప్రాక్టికల్ లేదు సార్. బొమ్మ గీస్తే మార్కులిస్తున్నరు," అన్నాడు, నేల చూస్తూ.

బోరింగు నీళ్ళలో అన్నభేది కలిపి, నాళికను వంచి, గోడ వెంబడి చుక్క చుక్కగా ఆమ్లం వదిలాను. నైట్రేట్ ఉంటే ఆమ్లమూ నీరూ కలిసే చోట గోధుమరంగు ఉంగరం ఏర్పడాలి. ముప్పై అయిదేళ్ళ అలవాటు.

ఉంగరం రాలేదు.

అంజయ్య నాళికలు కడగడానికి లేచాడు. ఆ తొందరే నాకు కోపం తెప్పించింది.

మే 7, ఆదివారం

ఎందుకు రాలేదు? ఉండీ కనిపించనంత పలచగా ఉందేమో. పలచగా ఉన్నదాన్ని చిక్కగా చేయాలి. చారు మరిగించినట్టు. పది గ్లాసుల నీళ్ళు స్టీలు గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టాను. ఒక గ్లాసు మిగిలేదాకా పక్కనే కూర్చున్నాను. ఆవిరై పోయేది నీరు మాత్రమే, అందులో కరిగింది ఎక్కడికీ పోదు.

మళ్ళీ అన్నభేది. మళ్ళీ ఆమ్లం.

వచ్చింది. నాళిక మధ్యలో, వేలికి తొడిగినట్టు, గోధుమరంగు ఉంగరం. చెదరని, చక్కటి ఉంగరం.

ఇంట్లో నేనొక్కణ్ణే. అయినా పైకే అన్నాను — చూశావా సరోజా. చిన్నపిల్లవాడిలా గదంతా తిరిగాను. డెబ్భై రెండేళ్ళకు ఇలాంటి సంతోషం ఇంకా మిగిలి ఉందని తెలియదు.

ఆ తర్వాత కూర్చుని అర్జీ రాశాను. కలెక్టరుకు ఒకటి, పేపరుకు ఒకటి. జంగారెడ్డి పేరు మొదటి వాక్యంలోనే వచ్చేలా. ఎంత చెక్కినా ఇంకా పదును చాలదనిపించి మూడుసార్లు తిరగరాశాను. సాయంత్రమైంది. పక్కింట్లో పాప రెండుసార్లు మూలిగినట్టు వినిపించింది. వాక్యం మధ్యలో ఉన్నాను.

ఆ మాట కూడా ఇక్కడ రాసి పెట్టాలి.

మే 8, సోమవారం



పట్నం నుంచి అయిదు గంటల బస్సుకు తిరిగొచ్చారు. గుండె బాగానే ఉందట. రంధ్రం లేదు. మరి రంగెందుకు మారుతోందంటే డాక్టర్లకు కూడా తెలియడం లేదట. రేపు మళ్ళీ రమ్మన్నారు. యాదమ్మ పొయ్యి ముందు కూర్చుని చెబుతోంది, నేను అరుగు మీద వింటున్నాను.

"నెత్తురు తీసిండ్రు సారూ. ఎర్రగ లేదు. బెల్లం పాకం లెక్కున్నది. గా నర్సు కూడా ఇట్ల చూసి అట్ల చూసింది."

బెల్లం పాకం. ఎక్కడో చదివాను. నైట్రేటు ఎక్కువున్న నీళ్ళు పసిపిల్లల కడుపులో పడితే నెత్తురు గాలిని మోయడం మానేసి గోధుమరంగుకు తిరుగుతుందని. పెద్దవాళ్ళకు ఏమీ కాదు. పాలపొడి తాగే పసికందులకే.

అప్పుడు పొయ్యి మీది కుండ చూశాను. సన్నటి సెగ. నీళ్ళు సలసల. మేం మాట్లాడుతుండగానే యాదమ్మ బిందెలోంచి ఒక చెంబు నీళ్ళు తీసి ఆ కుండలో పోసింది. ఎందుకన్నాను.

"రోజు పొద్దటి సంది కాగుతనే ఉంటది సారూ. తగ్గినకొద్ది పోస్త. మీరే అంటిరి గద, ఎంత కాగితే అంత మంచిదని. మూడు వారాలాయె, పొయ్యి మీదికెళ్లి కుండ దించలే. ఇయ్యాల పట్నం గూడ గీ నీళ్ళే సీసల పట్టుకపోయినం."

నిన్న ఉంగరం కోసం నేను పది గ్లాసులను ఒక గ్లాసు చేశాను. యాదమ్మ మూడు వారాలుగా అదే చేస్తోంది. కుండ ఖాళీ కాదు, కరిగింది పోదు, రోజూ కొత్త నీళ్ళు, రోజూ కొత్త చిక్కదనం. నా పరీక్ష నాళిక ఆ పాప కడుపు.

లేచి కుండ తన్నాను. కాలు కాలింది. పొయ్యి ఆరింది. సుజాత పాపను గుండెకు పొదువుకుని మూలకు జరిగింది, పిచ్చివాణ్ణి చూసినట్టు. ఒక్క చుక్క కూడా పట్టొద్దన్నాను. కాచిందీ వద్దు, కాచనిదీ వద్దు. అంజయ్యకు ఫోన్ చేస్తే మొయినాబాద్ నుంచి క్యాన్ నీళ్ళు బండి మీద తెచ్చాడు.

కాచమన్నది నేను. యాదమ్మ మాత్రం ఆ మాట అనలేదు. "సార్ కాలు కాలింది, వెన్న తేవే," అని కూతురికి చెప్పింది.

మే 9, మంగళవారం

తెల్లవారకముందే లేచి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను, డాక్టరుకు. ఎనిమిది వాక్యాలు. ఏ నీళ్ళు, ఎన్నాళ్ళు, ఎలా కాచారు, ఉంగరం ఎలా వచ్చింది. చివర నా అనుమానం పేరు. విశేషణాలు లేవు. జంగారెడ్డి లేడు. నా జీవితంలో నేను రాసిన మంచి ఉత్తరం ఇదే కావచ్చు.

కాలి బొబ్బతో నేను కూడా వెళ్ళాను. కుర్ర డాక్టరు చదివాడు, మళ్ళీ చదివాడు, లోపలికి పరుగెత్తాడు. పెద్దావిడ వచ్చింది. ఎవరు రాశారంది. "మా సారు," అంది యాదమ్మ, ఆ ఒక్క మాటే.

పాపను ఉంచేసుకున్నారు.

మే 11, గురువారం

పాప పెదవులు గులాబీ రంగు. కళ్ళతో చూశాను.

నీలం మందు ఎక్కించారు. నీలమెక్కిన పిల్లకు నీలం మందు. పేరు అడిగితే నవ్వొచ్చింది. మిథిలిన్ బ్లూ. ఉల్లిపొర మీద చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద కణాలు చూపించడానికి ప్రతి జూన్‌లో నేను వాడిన రంగు. మూడు దశాబ్దాలు నా వేలిగోళ్ళ సందుల్లో ఉన్న రంగు. అది నెత్తురును సరిచేస్తుందని నాకు తెలియదు. ఇంకా ఎన్ని తెలియవో.

సుజాత ఇంకా నా మొహం చూడదు.

మే 13, శనివారం

పూర్వం లండన్‌లో ఒక వైద్యుడు వీధి పంపు పిడి పీకించి కలరాను ఆపాడని పిల్లలకు చెప్పేవాణ్ణి. నిన్న బోరింగు పిడికి ఇనుపతీగె బిగించి కట్టాను. పసుపుతాడు పక్కనే. పొద్దున చూస్తే తీగె లేదు. పసుపుతాడు అలాగే ఉంది.

తీగె విప్పించింది సర్పంచట. ఇంటికి వెళ్తే చాయ్ ఇచ్చాడు. వీడికి పదో తరగతిలో ఆవర్తన పట్టిక నేర్పలేకపోయాను. ఇప్పుడు వాడు నాకు నేర్పాడు.

"నీళ్ళు ఖరాబని పేపర్ల ఏస్తె ప్లాట్లు ఎవడు కొంటడు సార్? రింగురోడ్డు ఒస్తున్నది. ఊరంత ఆశ మీదున్నది. పొల్ల మంచిగైంది గద. జర సబర్ పట్టుర్రి."

ఊళ్ళో డబ్బా పాలు తాగే పసివాళ్ళు ఇంకెందరని అడిగాను. వాడికి తెలియదు. అంజయ్యా నేనూ ఇల్లిల్లూ తిరిగి అడిగాం. ముగ్గురు. వాళ్ళ తల్లులకు చెప్పాం. ఇద్దరు విన్నారు. మూడో ఇంట్లో, వాళ్ళు ప్లాటు అమ్ముకునేది ఉందని తలుపు వేసేశారు.

మే 15, సోమవారం

ప్రసాదు కుర్చీ వేశాడు, నేను కూర్చోలేదు. గొట్టం తీసేయమన్నాను.

"విషం కాదండి మాస్టారు, ఎరువు నీళ్ళేగా. అన్నం తినట్లేదా మనం, ఎరువు వేసిన అన్నం?"

వాదన బాగుంది. నా పాత విద్యార్థి అయితే మార్కులు వేసేవాణ్ణి. ఓనరు సింగపూర్ నుంచి వచ్చాక అడిగి చెబుతానన్నాడు. పోనీ బావిని బంకమట్టితో పూడ్చండి, నేనే మొదటి తట్ట పోస్తానన్నాను.

"మీరు పోస్తారండి. మిగతా తట్టలు ఎవరు పోస్తారు?"

నిజమే. పూడ్చి ఉంటే బంకమట్టి అడ్డం పడేది. పాపమని మూత వేశారు, నేలలోకి తిన్నగా ఒక గొంతు తెరిచి ఉంచారు. నేను దాన్ని చూసి సంతోషించాను కూడా. ఏప్రిల్ 10 పేజీ తిరగేశాను. సంతోషించాను అనే రాసి ఉంది.

గండిపేట నీళ్ళు ఒకసారి తాగితే మనిషి ఈ గడ్డ వదలడని సామెత. ఆ పుణ్యం మన బావి నీళ్ళకూ ఉండేదని నాకు నమ్మకం. ఉంటే జంగారెడ్డి ఎలా వదిలాడు?

మే 22, సోమవారం

చేవెళ్ల. జంగారెడ్డి ఇల్లు.

అతను ఊరు వదిలాక ఎదురుపడటం ఇదే మొదటిసారి. ఉయ్యాల బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఒక కాలికి కట్టు. షుగరట. నా కాలి బొబ్బను చూశాడు, తన కట్టును చూశాడు, నవ్వాడు. నేను నవ్వలేదు. దారంతా సాధన చేసిన వాక్యాలు ఒక్కొక్కటీ అప్పజెప్పాను. దోసిట్లో నీళ్ళు, గంగమ్మ సాక్షి, పాప పెదవులు, అన్నీ. అడ్డం రాకుండా విన్నాడు. అదే ఆశ్చర్యం.

పాప ఎట్లున్నది, అన్నాడు ముందు. బాగుందన్నాను. కళ్ళు మూసుకుని కాసేపు ఊగాడు.

"పంతులూ, నేను మాట తప్పిన్నా? తెల్లారే స్టాంపు కాయితం కొని, కింద దస్కత్ జేసి, నీ చేతికి పంపిన. నాలుగు అక్షరాలు రాసేటోనివి నువ్వే రాయమన్న. రాసినంక చెప్పు, రిజిస్ట్రీ ఆఫీసుకొస్త అన్న. మరి రాస్తివా?"

అబద్ధమన్నాను. అలాంటి కాగితం లేదన్నాను.

"ఇంటికి పోయి సందుక్ తెరువు. ఇన్నేండ్లు నువ్వు తెస్తవేమోనని చూసిన. నువ్వు రాకుంటివి. పిల్లలు అమ్మమన్నరు. అమ్మిన."

అమ్మేముందు ఒక్కసారి అడగొచ్చు కదా అని నేననలేదు. అది బస్సులో తోచింది. అన్ని మంచి మాటలూ నాకు బస్సుల్లోనే తోస్తాయి.

మే 23, మంగళవారం

ఉంది.

సందుకులో అడుగున, పాత మార్కుల రిజిస్టరు మధ్య. నిజాం కాలం నాటి అత్తరు వాసన వేసే ఆ రిజిస్టరులో. పైన ముద్ర, కింద జంగారెడ్డి సంతకం. మధ్యలో ఖాళీ.

ఇప్పుడు గుర్తొస్తోంది. లేదా ఎప్పుడూ గుర్తే ఉంది, నేనే తలుపు వేసి ఉంచాను. కాగితం తెచ్చింది అతని జీతగాడు. పంచాయతీ ముందు, పది మంది ఉండగా, "నాలుగు అక్షరాలు రాసేటోనివి గద, రాయమన్నడు పటేలు," అని చేతిలో పెట్టి వెళ్ళాడు. అతను స్వయంగా రాలేదు. నేను గుమస్తానా? మర్యాదగా వచ్చి అడిగితే రాద్దామనుకున్నాను. ఆ మర్యాద కోసం చూస్తూ కూర్చున్నాను. అతను నా కోసం చూస్తూ కూర్చున్నాడట. ముప్పై ఏళ్ళు ఇద్దరం, చెరో కుర్చీలో.

ఒక వాక్యం రాస్తే సరిపోయేది. నేను రాయలేని వాక్యం ఏముంది?

మే 30, మంగళవారం

నీళ్ళ పరీక్ష చేసేవాళ్ళు వచ్చి సీసాల్లో పట్టుకెళ్ళారు. అంజయ్య తిరిగి తిరిగి రప్పించాడు. ఫలితం ఎప్పుడంటే పంపుతామన్నారు. బోరింగు పిడి కొడుతూనే ఉన్నారు.

జూన్ 8, గురువారం

మిరుగు, మృగశిర కార్తె మొదటి రోజు. ఊరంతా చేపల పులుసు వాసన. మధ్యాహ్నం మొదటి వాన. వాన నీళ్ళు పందిళ్ళ మీంచి కాలవ కట్టి, గొట్టం దారి పట్టాయి. గోడ పక్కనే నిలబడి విన్నాను. ఇప్పుడు చప్పుడు బయటికి కూడా వినిపిస్తోంది.

సుజాత రేపు అత్తగారింటికి పోతోంది. పాపను ఎత్తుకుని నా అరుగు దాకా వచ్చింది, నెల తర్వాత. బొద్దుగా ఉంది పిల్ల. నా కళ్ళద్దాల మెరుపునే చూస్తోంది. సుజాత మరో చేతిలో క్యాన్ నీళ్ళ సీసా.

"సారూ, గీ నీళ్ళు కాగవెట్టాల్నా, వద్దా?"

ముప్పై అయిదేళ్ళు ఏ ప్రశ్నకూ తడుముకోనివాణ్ణి. ఒక్కో మాటా తూచి చెప్పాను — ఒక్కసారి కాచు. మిగిలింది పారబొయ్యి. మళ్ళీ దాంట్లోనే పొయ్యకు. అక్కడి నీళ్ళు ఎలాంటివో ముందు కనుక్కో. ఆమె ప్రతి మాటా పాఠంలా అప్పజెప్పింది. అప్పజెబుతుంటే భయం వేసింది. ఇందులో ఏ మాట తప్పో, ఎన్నేళ్ళకు తెలుస్తుందో.

సాయంత్రం అంజయ్య కొత్త అర్జీ ముసాయిదా తెచ్చాడు. నీళ్ళ గురించి, గొట్టం గురించి, ముగ్గురు పసివాళ్ళ గురించి. చక్కగా రాశాడు, ఒక్క తప్పు లేదు. చివర్లో 'ఇందుకు బాధ్యులు' అని రాసి, చుక్కలు పెట్టి వదిలాడు. అది మీరే నింపండి సార్ అన్నాడు. సరిపోయింది. నా చేతికి ఎప్పుడూ ఖాళీ ఉన్న కాగితాలే వస్తాయి.

వాడు వెళ్ళాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. అర్జీ, స్టాంపు కాగితం. బయట వాన. గొట్టం మోగుతూనే ఉంది.

కాచమన్నది నేను. రాయనిది నేను. ఆ ఆదివారం పాప మూలుగు విని కూడా వాక్యాలు చెక్కింది నేను. పూడ్చమని పార అందించినా పట్టనిది ఊరు. గొట్టం పెట్టినవాడికి అవి ఎరువు నీళ్ళే. ఇవన్నీ తెలుసు. ఎవరైనా పరీక్షలో అడిగితే ఇదే వరుసలో చెబుతాను, పూర్తి మార్కులు వస్తాయి.

అయినా ఆ రోజు బావి గట్టు మీద నీళ్ళు దోసిట పట్టి మాట ఇచ్చినవాడు ఒక్కడే. కాలికి కట్టుతో, ఉయ్యాల మీద, పాప ఎట్లున్నదని ముందుగా అడిగినవాడు. అలా అడగకపోయి ఉంటే రాయడం సులువయ్యేది.

చుక్కల మీద ఇంకా ఏమీ రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

జంగారెడ్డి.